టించరు మాస్టారి బాప్తిస్మం

డేవిడ్‌రాజు మాస్టారిని ఏదైనా అడగాలంటే ఆ వీధివాళ్లు ముందు తమ తీరిక చూసుకునేవారు. శ్రీకాకుళంలో ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆయన. పాఠాలు చెప్పడం ఆయన మానేశాడు గానీ పాఠాలు ఆయన్ని మానలేదు. పక్కింటివాళ్లు "మాస్టారూ, ఓ బల్బుంటే ఇస్తారా?" అని వస్తే, బల్బు చేతికి అందేలోగా బల్బుకూ ఉల్లిపాయకూ గ్రీకు దేశంలో ఉన్న చుట్టరికమంతా వినాల్సిందే. వచ్చినవాళ్ల ఇల్లు చీకట్లో ఉందన్న సంగతి ఆయనకు పట్టేది కాదు.

అంతటి మాటకారి ఒక్క సంగతి దగ్గర మాత్రం నోరు మెదిపేవాడు కాదు. ఆ సంగతి ఆయన నెత్తి మీదే ఉండేది. అరవై దాటిన మాస్టారి జుట్టు కాకులు కుళ్లుకునేంత నల్లగా ఉండేది. భార్య పోయాక, అద్దంలో తన తెల్లతల చూసుకోలేక మొదలుపెట్టిన అలవాటది. మొదట్లో అందరిలాగే డై వేసుకునేవాడు. దాంతో నెత్తంతా పొక్కిపోయి, డాక్టరు చీవాట్లు పెట్టాక డై మానేశాడు. మానేసి, పొద్దున్నే దువ్వెనకు పులుముకుని దువ్వుకునే నల్లటి ముద్ద ఒకటి పట్టుకున్నాడు. దానివల్ల పొక్కులు రావు గానీ, తడి తగిలితే కారిపోతుంది. అందుకే మబ్బుతునక లేని రోజున కూడా ఆయన గొడుగు లేకుండా గడప దాటడు. బాగా చదువుకున్నవాళ్లు అలాగే ఉంటారు కాబోలని వీధివాళ్లు సరిపెట్టుకున్నారు.

ఆ వీధి చివరి ఇల్లు లీలారాణిది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, చెల్లెలు రూబీ కుటుంబం పక్క వాటాలోనే ఉంటుంది. వీధిలో ఎవరికి బీపీ చూడాలన్నా, సూది వెయ్యాలన్నా ఆవిడ వరండాయే గతి. మాస్టారు మొదట్లో వారానికొకసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లేవాడు. తరవాత రోజు విడిచి రోజు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆయన బీపీకి ఏ లోటూ లేదు. ఆవిడ ఇచ్చే కాఫీ బాగుండేది, ఆవిడ ఆయన మాటలు చివరిదాకా వినేది. ఈ రెండోది ఆయనకు అంతవరకు ఎక్కడా దొరకలేదు.

ఒకరోజు గొడుగు ముడుస్తూ, తల వంచడం మరిచిపోయి, ఆవిడ గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. జుట్టు మొదలయ్యే చోట చిన్నగా చిట్లింది. లీలారాణి ఆయన్ని కుర్చీలో కూలేసి, అలమరలోంచి గోధుమరంగు సీసా తీసింది. మండని కొత్త మందులు ఎన్నొచ్చినా ఆవిడ టించరునే నమ్ముతుంది. మండకపోతే అదేం మందని ఆవిడ వాదన.

"అమ్మో!" అన్నాడు మాస్టారు. ఆ వెంటనే, మంట ఇంకా తగ్గకుండానే, "టించరు అంటే ఏమిటో తెలుసా లీలారాణి గారూ?" అని అడిగాడు.

"మంట," అంది ఆవిడ, ఇంకో దూది పింజ అద్దుతూ.

"కాదండీ, రంగు. లాటిన్‌లో రంగు అద్దడాన్ని అలా అంటారు."

లీలారాణి చేతిలోని దూదిని వెలుతురుకేసి పెట్టి ఒక్క క్షణం చూసింది. తరవాత దాన్ని కాగితంలో చుట్టి బుట్టలో పడేసింది.

"రంగంటే గుర్తొచ్చింది. మీ జుత్తుకి రంగేస్తారేటి మాస్టారూ?"

మాస్టారి గుండె జారి గొడుగులో పడింది. అవునని చెప్పడానికి సిగ్గు, కాదని చెప్పడానికి భయం. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. ఆడకుండా తప్పించుకోవడానికి ఆయనకు భూగోళమంతా దారులున్నాయి. లాటిన్‌లో 'తింక్త' అంటే రంగులో ముంచి తీసినదని మొదలుపెట్టాడు. ఆ మాట స్పెయిన్, పోర్చుగల్ చేరి 'తింత' అయి సిరాబుడ్డిలో కూర్చుందన్నాడు. జర్మనీవాళ్లకూ హంగరీవాళ్లకూ కూడా సిరా అంటే అదే మాటన్నాడు. ఓడలెక్కి ఫిలిప్పీన్స్ పోయింది, మలయా పోయింది, మన పక్కనున్న లంకకు పోయి గోడలకు పూసే రంగైందన్నాడు. స్పెయినువాళ్లు ఎర్ర ద్రాక్షసారాకు కూడా ఆ పేరే పెట్టుకున్నారన్నాడు. ఇంగ్లీషువాళ్ల దగ్గర నానా రూపాలూ ఎత్తి, 'టింట్' అన్న రూపంలో మన కారు అద్దాల మీదికీ, ఇంకో రూపంలో ఆవిడ అలమరలోకీ వచ్చిందన్నాడు. ఈలోపు కాఫీ చల్లారిపోయింది.

లీలారాణి గ్లాసు తీసుకుని లేచింది. "దేశాలన్నీ తిప్పేరు గానీ మాస్టారూ, బండి సికాకులంలో మాత్రం ఆపలేదు," అంది నవ్వుతూ.

మాస్టారు కూడా నవ్వేసి గొడుగు పట్టుకుని బయటపడ్డాడు. పక్క వాటాలోంచి రూబీ అంతా విననే వింది. ఆ సాయంత్రానికల్లా వీధిలో ఆయన పేరు టించరు మాస్టారు అయిపోయింది.

ఆ తరవాత కొన్నాళ్లకు, బీపీ పట్టీ చేతికి ఉండగానే, "ఇలా రోజు విడిచి రోజు నడవలేకపోతున్నానండీ, ఒక్క ఇంట్లోనే ఉంటే ఇద్దరికీ వీలు కదా," అన్నాడు మాస్టారు. పెళ్లి అడగడానికి అంతకంటే మంచి మాట ఇన్ని భాషల మనిషికీ దొరకలేదు. లీలారాణి ముందు బీపీ చూసింది, చాలా ఎక్కువుంది. తరవాత ఆయన మొహం చూసింది.

"నాకిష్టమే. కానీ ఒక్క మాటుంది మాస్టారూ. మా ఆయన మంచోడే. సిన్న సిన్న అబద్దాలాడీవోడు. తినకుండా తిన్నానని, మానకుండా మానేసానని. అన్నీ నేనే ఎతుక్కుని తెలుసుకునీదాన్ని. జేబులు ఎతికీదాన్ని, మొకం ఎతికీదాన్ని. ఆ ఎతుకులాట నావల్ల మళ్లీ కాదు. ఏదున్నా మీ నోటితో మీరే సెప్పండి. సెప్పకుండా నాకు నేనే తెలుసుకునీలాగ సేసిన రోజున, ఈ పెళ్లి ఒద్దనేస్తాను."

"అలాగేనండీ," అన్నాడు మాస్టారు గంభీరంగా. ఆ గాంభీర్యం మీద ఫ్యాను గాలికి నల్లజుట్టు అటూ ఇటూ ఊగింది. ఇప్పుడే చెప్పేయాలని ఆయనకు అనిపించింది. ఇంత మంచి సమయంలో ఈ చిన్న సంగతెందుకని కూడా అనిపించింది. రెండో ఆలోచనే గెలిచింది.

అసలు చిక్కు పాస్టరు విక్టర్ అయ్యగారి దగ్గర వచ్చింది. ఆయనది నరసన్నపేట, మంచిమనిషి, నియమం దగ్గర మాత్రం రాయి. లీలారాణిది తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘం. మాస్టారు రాజమండ్రి అవతలి లూథరన్ కుటుంబంలో పుట్టినవాడు, పసివాడుగా ఉన్నప్పుడే నుదుట నీళ్లు చిలకరించేసి ఆ పని అయిందనిపించారు.

"మీ చిలకరింపుని మేం తప్పుపట్టం మాస్టారూ," అన్నారు అయ్యగారు. "కానీ మా సంఘంలో పెళ్లి చెయ్యాలంటే ముంచుడు బాప్తిస్మం తీసుకోవలసిందే. వచ్చే ఆదివారం నాగావళిలో యౌవనస్థులకి ఇస్తన్నాం. మీరూ వచ్చేయండి."

మాస్టారి చెయ్యి నెత్తిమీదికి పోయింది. "ముంచడమంటే అయ్యగారూ, తల కూడానా?"

"తల కూడా."

"మెడదాకా మునిగి, పైన కొంచెం చిలకరించుకుంటే?"

"కుదరదు."

"గుడిలో తొట్టి కట్టించి, మనిద్దరమే ఉన్నప్పుడు..."

"పదిమంది ముందు ఒప్పుకోడానికే కదా మాస్టారూ ఇది. ఒక్క వెండ్రుక కూడా పైకి తేలకూడదు."

అయ్యగారు వెండ్రుక అన్నది మామూలుగానే. మాస్టారు మాత్రం గొడుగును గట్టిగా పట్టుకున్నాడు. ఏ మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిన మనిషికి, ఆదివారం పొద్దున్న నాగావళి ఒడ్డున సంఘమంతా చూస్తుండగా తన మొహం మీద ఏం కారబోతోందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. చూసేవాళ్లందరిలో ముందు నిలబడేది లీలారాణి. నోటితో చెప్పకుండానే ఆవిడకు తెలిసిపోతుంది. ఆ మరుక్షణం పెళ్లి ఉండదు.

అయ్యగారికి ఈ గొడవేం తెలుసు! ఇంత చదువుకున్న మనిషి నీళ్ల లోతు గురించి ఇన్ని ప్రశ్నలు వేశాడంటే, మనసులో లూథరన్ పట్టుదల ఇంకా పోలేదనుకున్నారు. ఆ మంగళవారం గుడి కూడికలో ప్రసంగమంతా, బైబిల్లో నదిలో మునగడానికి నామోషీ పడ్డ ఒక సేనాధిపతి గురించే. సేనాధిపతి పేరు వచ్చినప్పుడల్లా సంఘమంతా మెడలు తిప్పి మాస్టారి బెంచీకేసి చూసింది. స్త్రీల సమాజానికి పెద్ద రూబీ. ఆవిడ బుధవారం ఉపవాస ప్రార్థన పెట్టించింది. డేవిడ్‌రాజు గారి గుండె మెత్తబడాలని ఆడవాళ్లంతా మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. తన జుట్టు కోసం ఇంతమంది కడుపు మాడ్చుకుంటున్నారని తెలిసి, మాస్టారు కూడా ఆ పూట అన్నం మానేశాడు.

వీధిలోకి వచ్చేసరికి ఆ కబురు ఇంకో రంగు పూసుకుంది. చేపలమ్మే తాతమ్మ గంప దించి గుమ్మంలోనే కూర్చుంది.

"ఏటి మాస్టారా, నీకు నీల్లంటే బయమంట? లీలమ్మ సెల్లెలు సెప్పినాది."

"భయం కాదు తాతమ్మా..."

"సిగ్గెందుకు? నా కొడుకు ఎల్లాజీ గాడు సముద్రంలో ఏటకెల్తాడు, ఆడికి నాగావలి ఓ లెక్కేటి? ఆడ్ని ఒడ్డున నిలబెడతాను. నువ్వు మునిగినావో లేదో, జుత్తట్టుకుని లాగేస్తాడు."

"జుట్టు పట్టుకునా!" అన్నాడు మాస్టారు.

"జుత్తే. నీకు మంచి నల్లటి జుత్తున్నాది, పట్టు దొరుకుతాది," అని భరోసా ఇచ్చి తాతమ్మ గంప ఎత్తుకుంది.

శనివారం సాయంత్రం లీలారాణే ఆయన ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మాస్టారూ, ఒకటడుగుతాను. మీకీ పెళ్లి ఇష్టం లేదేటి? లేకపోతే సెప్పీండి, నేనేటీ అనుకోను. నీల్లు వంక ఎట్టి లాగక్కర్లేదు. రూబీ వోల్లు మీ కోసం ఉపాసాలు సేస్తంటే, నాకు తలకొట్టేసినట్టున్నాది."

"అయ్యయ్యో, ఇష్టం లేకపోవడమేమిటి?" అన్నాడు మాస్టారు. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు, కళ్ల కింద వాచి ఉంది. చెప్పేయ్, ఇప్పుడే చెప్పేయ్ అని లోపల ఎవరో పోరారు. ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏళ్ల అలవాటు కొద్దీ ఇంకేదో వచ్చింది. "అసలు చూడండీ, ఆ టించరుకు మూలమైన మాటకు లాటిన్‌లో మొదటి అర్థం రంగు వెయ్యడం కాదు, ముంచి తడపడం. తొలి కాలపు క్రైస్తవులు బాప్తిస్మానికి కూడా ఆ మాటే వాడారు. అంటే రంగు అద్దడమూ బాప్తిస్మమూ..."

"నేనడిగింది లాటిను కాదు మాస్టారూ," అంది లీలారాణి.

ఆవిడ గొంతు పెంచలేదు. పైట సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. వీధి చివరిదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

డేవిడ్‌రాజు మాస్టారు అక్కడే కూర్చుండిపోయాడు. జీవితంలో మొదటిసారి తన మాటలమీద తనకే అసహ్యం వేసింది. ఒక ఆడమనిషి నన్ను ఇష్టపడుతున్నావా లేదా అని అడిగితే రోము నగరంలోకి పారిపోయిన వెధవను నేనే అనుకున్నాడు. తెల్లజుట్టు చూసి ఆవిడ నవ్వితే నవ్వనీ. వద్దంటే వద్దననీ. ఇష్టం లేదేమోనని ఆవిడ ఏడవడం మాత్రం తాను భరించలేనని ఆయనకు ఆ కుర్చీలోనే తెలిసింది.

ఆదివారం తెల్లారుతూనే స్నానాలగదిలోకి వెళ్లి, నెత్తిమీద చెంబెడు నీళ్లు దిమ్మరించుకున్నాడు. నల్లటి నీళ్లు కాళ్లకింద కాలవ కట్టి తూములోకి పోయాయి. నీళ్లు తేటపడేదాకా పోసుకుంటూనే ఉన్నాడు. తుడుచుకుని అద్దంలో చూసుకుంటే అందులో వాళ్ల నాన్న కనిపించాడు. ఆయనకు కాస్త దుఃఖం వచ్చింది, కాస్త ధైర్యం కూడా వచ్చింది. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకుని, ఆటో ఎక్కి ఏటి ఒడ్డుకు బయలుదేరాడు. సగం దారిలో గాని గొడుగు మరిచిపోయిన సంగతి గుర్తురాలేదు.

ఒడ్డున సంఘమంతా పాటలు పాడుతోంది. నడుంలోతు నీళ్లలో అయ్యగారు నిలబడి ఉన్నారు. యౌవనస్థులు ఒక్కొక్కరే మునిగి వచ్చేశారు, అందరి చూపులూ రోడ్డుమీదే ఉన్నాయి.

"రాడు. నాకు తెలుసు, రాడు. మనం ఉపాసాలుండి సచ్చాం," అంటోంది రూబీ. పక్కకు వచ్చి నిలబడ్డ తెల్లతల మనిషిని చూసి, "తాతగారూ, కాస్త అలా జరగండి. మాస్టారొస్తే దారుండాల," అంది.

డేవిడ్‌రాజు జరిగాడు. జరిగితే ఎల్లాజీ అడ్డొచ్చాడు. తల్లి మాటకు కట్టుబడి, లుంగీ ఎగ్గట్టుకుని, నల్లజుట్టు కోసం రోడ్డుకేసి చూస్తున్నాడు.

నీళ్లలోంచి అయ్యగారు కేక వేశారు. "పెద్దాయనా, ఆ రోడ్డుమీద డేవిడ్‌రాజు మాస్టారు గాని కనిపించారేటండి?"

"వచ్చేశారండీ," అన్నాడు డేవిడ్‌రాజు.

ఆ గొంతుకు పాట ఆగిపోయింది. రూబీ నోటిమీద చెయ్యి వేసుకుంది. ఎల్లాజీ ఎగ్గట్టిన లుంగీ దించేశాడు. ఎవరో కుర్రాళ్లు వెనకనుంచి కిసుక్కుమన్నారు. అందరి వెనక, చేతిసంచి గుండెకు అదుముకుని, లీలారాణి నిలబడి ఉంది. ఆయన తిన్నగా ఆవిడ దగ్గరకే నడిచాడు.

"లీలారాణి గారూ, నా జుట్టు తెల్లనిది. ఎప్పట్నించో తెల్లనిదే. రోజూ పొద్దున్నే నల్లరంగు పూసుకుంటాను. మీరు అడిగిన రోజున చెప్పలేదు. ముసలివాడిలా కనపడితే మీరు వద్దంటారని భయం వేసింది. నీళ్లంటే నాకు భయం లేదు, మీకు తెలిసిపోతుందనే భయం. మీరంటే నాకు చాలా ఇష్టం. అంతేనండీ."

అందులో లాటిన్ ముక్క ఒక్కటీ లేదు. అంత చిన్న ఉపన్యాసం ఆయన పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు. సంఘమంతా లీలారాణి కేసి చూసింది.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "అయ్యగారు నీల్లలో నానిపోతన్నారు. ముందెల్లి మునిగి రండి," అంది.

మాస్టారు నాగావళిలోకి దిగాడు. అయ్యగారు ఆయన్ని వెనక్కి వాల్చి నిండా ముంచారు. ఒక్క వెండ్రుక కూడా పైకి తేలలేదు. లేచాక మొహం మీద కారినవి తేట నీళ్లే. ఒడ్డున స్త్రీల సమాజమంతా, తమ ఉపవాసం ఫలించిందని, గొంతెత్తి పాడింది. అది దేనికి ఫలించిందో విడమరచి చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

వణుకుతూ ఒడ్డెక్కిన ఆయనకు లీలారాణి ఎదురొచ్చి, సంచిలోంచి తువ్వాలు తీసి తలమీద కప్పింది. అది చూసి రూబీ గయ్యిమంది.

"అదేటే అక్కా, నల్ల తువ్వాలు! బాప్తిస్మానికి అందరూ తెల్లదే కదేటి తెస్తారు? నీకంత మతిపోయిందేటి?"

మాస్టారు తువ్వాలు అంచు పట్టుకుని చూశాడు. కొత్తది. షాపువాడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. తెల్లదానిమీద మరక కనపడుతుంది, నల్లదానిమీద కనపడదు. ఆవిడ దాన్ని కొని, సంచిలో పెట్టుకుని వచ్చేసరికి ఆయన రంగు కడిగేసుకుని వస్తాడని ఆవిడకు తెలియదు.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని మెల్లిగా అడిగాడు.

"టించరేసిన రోజునే. దూది నల్లగొచ్చింది. అందుకే కదేటి అడిగేను."

"మరి నేను ఇవాళ కూడా చెప్పకుండా అలాగే వచ్చి మునిగుంటే?"

"ఎవులూ సూడకుండా తువ్వాలు కప్పీసి, జాగ్రత్తగా ఇంటికి తీసికెళ్లి దింపీసుందును," అంది లీలారాణి. "పెల్లి మాత్రం ఒద్దనీసుందును."

ఆవిడ నవ్వుతూనే అంది గానీ, అది నవ్వులాటకు అన్న మాట కాదని ఆయనకు తెలుసు. పెళ్లి ఎంత దగ్గరగా వచ్చి తప్పిపోయేదో తలుచుకుంటూ, తువ్వాలును రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. తువ్వాలు అన్న మాట ఏ దేశంలో ఓడెక్కి ఏ రేవులో దిగిందో ఆయనకు బాగా తెలుసు. అది నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు పళ్లు బిగించి దాన్ని మింగేశాడు.

లీలారాణి ఆయన మొహంలోకి ఒకసారి చూసి, తువ్వాలుతో ఆ తెల్లతలను గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"ఆ తువ్వాలు సంగతి ఆటోలో సెబుదురు గాని," అంది, "ముందు తలొంచండి."